ఉద్వాసన చెప్పని యంత్రం

అలివేలు దగ్గిందంటే ఆ పూట వేదాద్రికి అన్నం లేదని అర్థం.

ఇందులో అలివేలు కోపమేమీ లేదు. ఆవిడ పుట్టింటి ఆచారం అది. పొద్దున్నే దీపం పెట్టి, అమ్మవారి వెయ్యి నామాలూ ఒక్క బిగిని చదవాలి. మధ్యలో మాట్లాడకూడదు, లేవకూడదు, దగ్గకూడదు. ఆటంకం వచ్చిందా, మళ్ళీ మొదటి నామం నుంచి ఎత్తుకోవాలి. పారాయణ పూర్తయితే గానీ పొయ్యి వెలగదు. పెళ్ళయిన కొత్తలో పాలవాడు వచ్చేలోపే వెయ్యి నామాలూ అయిపోయేవి. ఇప్పుడు రెండొందలు దాటడమే గగనమైపోయింది. సరిగ్గా అలివేలు దేవుడి గదిలో దీపం వెలిగించే వేళకే, వీధి చివరనున్న మున్సిపాలిటీ చెత్తకుప్పకి కూడా ఎవరో నిప్పు వెలిగిస్తారు.

వేదాద్రి సుగంధపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. వాయువుల పాఠం ఖాళీ కడుపుతో చెప్పడం అతనికి అలవాటైపోయింది.

"ఏమే, పిల్ల దగ్గిందని తల్లి మళ్ళీ మొదటినుంచి పిలవమంటుందా? అమ్మవారికి అంత పట్టింపు ఉంటుందంటావా?" అని ఒకనాడు మెల్లగా అడిగాడు.

"అమ్మవారికి లేదండీ. నాకుంది," అంది అలివేలు.

ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ దగ్గు రానురాను ఎక్కువైంది. రాత్రిళ్ళు దిండు గోడకి ఆనించుకుని కూర్చునే నిద్రపోవలసి వచ్చేది. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "మందులు ఎన్నయినా రాస్తాను మాస్టారూ. గాలన్నా మారాలి, ఇల్లన్నా మారాలి. ఇలాగే ఉంటే ఆవిడ ఊపిరితిత్తులు నిలబడవు," అన్నాడు. చెత్తకుప్ప పక్కనున్న ఇల్లు కొనేవాడెవడు? కాబట్టి గాలినే మార్పిద్దామని వేదాద్రి మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరాడు.

అక్కడ పర్యావరణ విభాగం ఇన్‌ఛార్జి గోవర్ధనం. నవ్వుముఖం, నుదుట ఎర్రటి గీత, ఎవరినైనా కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి. విషయం వినగానే ఆశ్చర్యపోయాడు.

"పొగా? మన ఊళ్ళోనా? పేపరు చూళ్ళేదా మాస్టారూ? రాష్ట్రం మొత్తం మీద స్వచ్ఛమైన గాలి మనదేనని అవార్డొస్తేనూ!"

"చెత్తకుప్ప తగలబడుతోందండీ."

"తగలబడటం లేదు. పరిమాణ తగ్గింపు ప్రక్రియలో ఉంది."

"పొగ వస్తోంది కదండీ మరి?"

"కంటికి కనబడేది పొగ. యంత్రంలో కనబడేది కాలుష్యం. మా శాఖ చూసేది రెండోదాన్నే. రండి, చూపిస్తాను."

ఊరి గాలిని కొలిచే యంత్రం కమిషనర్ గారి గదిలో ఉంది. గదికి ఏసీ ఉంది. యంత్రం చుట్టూ గాజుపెట్టె ఉంది. పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కూడా ఉంది.

"మొదట మేడ మీద పెట్టామండీ. ఒకటే దుమ్ము! ఖరీదైన యంత్రం, దుమ్ము పడితే పాడైపోదూ? అందుకని లోపలికి తెచ్చాం," అన్నాడు గోవర్ధనం కవరు తొలగిస్తూ.

యంత్రం తెర మీద ఏడు అంకె మెరుస్తోంది. యాభై లోపు ఉంటే మంచి గాలి అంటారు. ఏడంటే కైలాసంలో కూడా ఉంటుందో లేదో. వేదాద్రి వంగి చూశాడు. యంత్రం ముందు భాగాన గాలి పీల్చుకోవడానికి గుండ్రటి సన్నజాలీ ఒకటి ఉండాలి. ఆ జాలీ ఉండాల్సిన చోట దట్టంగా పసుపు, పసుపు మీద రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు ఉన్నాయి. పైన ఎండిపోయిన బంతిపూల దండ, కింద రెండు నిమ్మకాయలు.

"దసరాకి ఆయుధపూజ చేశామండీ. కమిషనర్ గారే స్వయంగా బొట్టు పెట్టారు. అంతకుముందు మేడ మీద ఎప్పుడు చూసినా మూడొందలు, నాలుగొందలు. పూజ చేసిన మర్నాడు పొద్దున వచ్చి చూద్దుం కదా, ఏడు! ఇక కదిలితే ఒట్టు. అంతా అమ్మవారి దయ."

వేదాద్రి దైవభక్తి ఉన్నవాడే. చెంపలు వేసుకున్నాడు. వేసుకుంటూనే, "దయే అంటారా? లేక బొట్టు ముక్కుకి అడ్డం పడి, పాపం దీనికి ఊపిరాడక..." అన్నాడు.

గోవర్ధనం ముఖంలో నవ్వు ఆగిపోయింది. "తప్పు మాస్టారూ! ఏంటి, బొట్టు తుడవమంటారా? లక్షణంగా అవార్డొచ్చిన ముఖానికి? మీ వీధిలో కాలుష్యం ఉందంటారా, రుజువు పట్టుకురండి. అంతేగానీ అమ్మవారి జోలికి రాకండి."

రుజువు తేవడమెలాగని వేదాద్రి నాలుగు వారాలు ఆలోచించి, చివరికి ఒక డ్రోన్ తయారు చేశాడు. మోటార్లు, రెక్కలు ఆన్‌లైన్లో తెప్పించాడు. పొగలో రేణువుల్ని లెక్కబెట్టే సెన్సారు అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది, దానికొక ఇల్లు కావాలి. వంటింట్లో వెతికితే చిన్న స్టీలు డబ్బా దొరికింది. దానికి చిల్లులు పెట్టి డ్రోన్ పొట్టకి కట్టాడు. రెక్కల గాలికి పొగ చెదిరిపోయి లెక్క తప్పకుండా ఒక సన్నగొట్టం పైకి నిలబెట్టాడు. అంకె తన ఫోన్లోకి వచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నాడు.

"ప్రసాదం డబ్బాకి చిల్లులు పెట్టారా!" అంది అలివేలు గుండె మీద చెయ్యి వేసుకుని.

"అమ్మవారి పని మీదే వెళ్తోంది కదే."

మొదటిసారి డ్రోన్ డాబా మీద నుంచి నిటారుగా లేచింది. ఒక్క క్షణం ఆలోచించింది. పక్కడాబాకి వెళ్ళి సూరమ్మ పిన్ని ఆరబెట్టిన గుమ్మడి వడియాల మధ్య కూర్చుంది.

"ఒరే వేదాద్రీ! కాకులకి కాపలా కాస్తుంటే ఈ గద్దని నువ్వు తోలావుట్రా? చదువుకున్నవాడివి, వడియాలు కావాలంటే అడగొచ్చు కదా!" అని పిన్ని కర్ర పుచ్చుకుంది.

రెండోసారి గొట్టం బరువుకి పల్టీ కొట్టింది. గొట్టం పొట్టిగా కోసి, డబ్బాని ఇంకొంచెం నడిమికి జరిపాక, మూడోసారి బుద్ధిగా వెళ్ళి చెత్తకుప్ప మీద ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. నాలుగు వందల ముప్ఫయ్యారు. అదే క్షణంలో కింద దేవుడి గదిలోంచి దగ్గు వినబడింది. ఆ తర్వాత మొదటి నామం వినబడింది. రెండు యంత్రాలూ ఒకే లెక్క చెబుతున్నాయనుకున్నాడు వేదాద్రి.

ఈసారి కమిషనర్ చక్రధరరావు గారే మాట్లాడారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ, కుర్చీలో కూర్చుంటే మాత్రం మాట మారిపోతుంది.

"నూతన ఆవిష్కరణలను ప్రోత్సహించుటలో ఈ పురపాలక సంఘము ఎన్నడును వెనుకంజ వేయలేదు. అయితే ప్రతి ఆవిష్కరణయు ముందుగా ప్రామాణిక యంత్రముతో ఏకీభవించవలెను. తదుపరి క్షేత్ర పరీక్ష."

"క్షేత్రమంటే చెత్తకుప్ప దగ్గరేనాండీ?"

"అచ్చట పొగ ఉన్నది. పొగలో పరీక్షించినచో మీ పరికరము పొగచే ప్రభావితమగును. పరీక్ష నిష్పాక్షికముగా ఉండవలెను కదా. మొదటి పరీక్ష ఈ గదిలోనే."

గది తలుపులు వేశారు. వేదాద్రి బటన్ నొక్కాడు. డ్రోన్ లేచింది, దానితోపాటు బల్ల మీది కాగితాలన్నీ లేచాయి. గోడకి వేలాడుతున్న అవార్డు శాలువా రెపరెపలాడి కమిషనర్ గారి తల మీద కప్పుకుంది. ఆయన శాలువా తొలగించకుండానే అడిగారు. "ఎంత?"

"మాస్టారిది అరవై మూడు సార్. మనది ఏడు," అన్నాడు గోవర్ధనం బల్ల కిందినుంచి. "తొమ్మిదింతలు అబద్ధం చెబుతోంది సార్ ఇది."

"గాజుపెట్టె లోపల కూర్చుని కొలిస్తే..." అని వేదాద్రి ఏదో అనబోయాడు.

"వాదములు వలదు. న్యాయము కొరకు రెండవ పరీక్షకు కూడా అనుమతి ఇచ్చుచున్నాము."

రెండో పరీక్ష చెత్తకుప్ప దగ్గర. కమిషనర్ గారు, గోవర్ధనం జీపులో వచ్చారు. అద్దాలు ఎత్తేసుకుని, ముక్కులకి గుడ్డలు కట్టుకుని లోపలే కూర్చున్నారు. బయట పొగ ఎంత దట్టంగా ఉందంటే జీపు హెడ్‌లైట్లు వేసుకోవలసి వచ్చింది. ఊరి జనం కొందరు చుట్టూ చేరారు. డ్రోన్ పొగలోకి దూరి, కనబడకుండా పోయి, నల్లబడి తిరిగొచ్చింది. వేదాద్రి ఫోను జీపు అద్దానికి ఆనించి చూపించాడు. నాలుగు వందల డెబ్బై ఒకటి.

అద్దం ఒక వేలెడు కిందికి దిగింది.

"గోవర్ధనం, ఈ పరికరము ఎగురుటకు పూర్వము ఈ ప్రదేశమున కాలుష్యము నమోదై యున్నదా?"

"లేదు సార్. ఎప్పుడూ లేదు."

"ఎగిరిన పిమ్మట?"

"నాలుగొందల డెబ్బై ఒకటి సార్."

"కావున?"

గోవర్ధనం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఒక్కసారిగా తెరిచాడు. "కావున... డ్రోనే చేసింది సార్!"

కమిషనర్ గారు సంతృప్తిగా తలాడించారు. "ఎవరి చర్య పిమ్మట కాలుష్యము నమోదగునో, వారే కాలుష్య కారకులు. దీనిని శాశ్వత నిబంధనగా రాసుకొనుము." అద్దం మళ్ళీ పైకెళ్ళింది.

మర్నాడు వేదాద్రి ఇంటి గేటుకి ఎర్రబోర్డు కొట్టారు. "హెచ్చరిక: కాలుష్య పరిశ్రమ." సుగంధపురం మొత్తానికి అదొక్కటే. బోర్డుతోపాటు ఒక నోటీసు కూడా ఇచ్చారు. వేదాద్రికి ఒళ్ళు మండిపోయింది. కోర్టుకి వెళ్తానన్నాడు, పేపరుకి రాస్తానన్నాడు, ఉద్యోగం మానేసి ధర్నాకి కూర్చుంటానన్నాడు. అలివేలు నోటీసు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నిదానంగా నామాలు చదివినట్టే చదివింది. ఒకచోట ఆగింది.

"ఏవండీ, 'కాలుష్య పరిశ్రమకు కిలోమీటరు లోపున పురపాలక సంఘ ఆస్తులు ఉండరాదు, ఉన్నచో వాటి భద్రత దృష్ట్యా తక్షణమే తరలించవలెను' అని ఉంది."

"ఉంటే?"

"చెత్తకుప్ప ఎవరి ఆస్తండీ?"

వేదాద్రి భార్య వంక చూశాడు. ఆవిడ నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే నవ్వింది.

ఆ మధ్యాహ్నం వేదాద్రి చేతులు కట్టుకుని కమిషనర్ గారి ముందు నిలబడ్డాడు. "మీరన్నది నిజమేనండీ. ఈ ఊళ్ళో కాలుష్యం అంతా నేనే."

కమిషనర్ గారు కదిలిపోయారు. ఇన్నేళ్ళ సర్వీసులో తప్పు ఒప్పుకున్న మనిషిని చూడటం అదే మొదలు. "మీ నిజాయితీ ప్రశంసనీయము."

"కానీ ఒక్కటే బెంగండీ. మీ ఆస్తి ఒకటి మా ఇంటికి మరీ దగ్గర్లో ఉంది. నా కాలుష్యం వల్ల దానికేమన్నా అయితే రేపు నాకే పాపం."

సాయంత్రానికల్లా లారీలొచ్చాయి. చెత్తని జాగ్రత్తగా ఎత్తి, వేదాద్రి గాలి తగలకుండా పైన టార్పాలిన్ కప్పి, గోవర్ధనం దగ్గరుండి ఊరి అవతలి చివర చేపలమార్కెట్టు వెనక్కి తరలించాడు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. సూరమ్మ పిన్ని ఒక గిన్నెడు వడియాలు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు అలివేలు ఏడొందల నామాలు దాటింది. అక్కడ ఆగిపోయింది. దగ్గు వల్ల కాదు, తనంతట తానే ఆగింది.

"చేపలమార్కెట్టు వెనక ఇళ్ళున్నాయి కదండీ?"

"ఉన్నాయి."

"మన దగ్గు వాళ్ళింటికి పంపించి, నేనిక్కడ హాయిగా నామాలు చదువుకుంటుంటే అమ్మవారు వింటుందంటారా?"

ఫిజిక్స్ పుస్తకంలో దీనికి జవాబు లేదు. వేదాద్రి ఆ పూట కూడా ఖాళీ కడుపుతోనే కాలేజీకి వెళ్ళాడు.

జవాబు రెండ్రోజుల్లో గుమ్మంలోకే వచ్చింది. చేపలమార్కెట్టు వీధివాళ్ళు పదిమంది, ముందు వరాలమ్మ అనే పెద్దావిడ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో తమలపాకులూ అరటిపళ్ళూ.

"బాబూ, కాలుష్యం మాస్టారంటే మీరేనా?" అంది వరాలమ్మ.

"నేనేనమ్మా."

"పిల్లలు రేత్రంతా దగ్గుతున్నారు బాబూ. తవరు ఒక్కపాలి మా వీదిలో కూడా కూసింత కాలుష్యం చేసి పెట్టాల. మీ పేరు చెప్పుకుని బతుకుతాం."

వేదాద్రి తాంబూలం పుచ్చుకుని వెళ్ళి చేశాడు. అంకె నాలుగొందలు దాటింది. ఇంకో ఎర్రబోర్డు పడింది. చెత్తకుప్పకి మళ్ళీ ప్రాణభయం పట్టుకుంది. దాన్ని కొత్త కాలనీకి తరలించారు. కొత్త కాలనీవాళ్ళు కారు పంపించి మరీ వేదాద్రిని పిలిపించుకున్నారు. అక్కణ్ణించి రైలుగేటు, రైలుగేటు నుంచి సంతమైదానం. ఎక్కడికెళ్తే అక్కడ వెనకాలే డ్రోన్ వచ్చేది. పిల్లలు "కాలుష్యం వచ్చింది, కాలుష్యం వచ్చింది" అని చప్పట్లు కొట్టేవారు. గోవర్ధనం లారీ ముందుసీట్లో కూర్చుని ఊరంతా తిరిగి తిరిగి సగమయ్యాడు.

చివరికొక రోజు అతను కమిషనర్ గారి ముందు కూలబడ్డాడు. "సార్, ఊళ్ళో చెత్తకి సురక్షితమైన చోటు ఎక్కడా మిగల్లేదు. ఒక్కచోట తప్ప."

"ఎచ్చట?"

"గాలి ఏడు అని ధ్రువీకరించిన చోటు మన ఆఫీసొక్కటే సార్."

నిబంధన నిబంధనే. లారీలు మున్సిపల్ ఆఫీసు ఆవరణలోకి వచ్చాయి. కమిషనర్ గారి కిటికీ కింద కుప్ప పోశారు. పొద్దున్నే అలవాటు ప్రకారం ఎవరో పరిమాణం తగ్గించడం మొదలెట్టారు.

ఆ రోజు వేదాద్రికి కబురొచ్చింది. "అమ్మగారిని కూడా తీసుకు రమ్మన్నారు" అన్నాడు కబురు తెచ్చిన ప్యూను, ఎందుకో తెలియకుండానే. వీళ్ళు వెళ్ళేసరికి ఏసీ గదినిండా పొగ. కమిషనర్ గారి కళ్ళు కుంకుమకన్నా ఎర్రగా ఉన్నాయి. గాజుపెట్టెలో ఏడు అంకె ప్రశాంతంగా మెరుస్తోంది.

"మాస్టారూ," అన్నారాయన. దగ్గు వల్లనేమో, మాట మామూలు మాటైపోయింది. "పొద్దుటినుంచి ఊపిరాడటం లేదండీ. అదేమో ఏడంటోంది. నాకేమైనా జబ్బంటారా?"

"మీకు కాదండీ. దానికి," అన్నాడు వేదాద్రి. "ఆ బొట్టు తీస్తే సరిపోతుంది."

"నేను మాత్రం తుడవను సార్," అన్నాడు గోవర్ధనం రెండడుగులు వెనక్కి వేసి. "పిల్లలు గలవాణ్ణి. అమ్మగారికి ఇలాంటివన్నీ తెలుసని మీ వీధిలో అంటున్నారు. అందుకే పిలిపించాం. ఏదన్నా దారి చెప్పండమ్మా."

అలివేలు యంత్రం దగ్గరికెళ్ళి వంగి చూసింది. దండ చూసింది, నిమ్మకాయలు చూసింది. "పూజయ్యాక ఉద్వాసన చెప్పారా?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"ప్రసాదం పంచే హడావుడిలో..." అన్నాడు గోవర్ధనం.

"అయితే దసరా నుంచి అమ్మవారిని ఈ గాజుపెట్టెలోనే కూర్చోబెట్టేశారా? పిలిచినవాళ్ళు సాగనంపొద్దూ? ఇన్నాళ్ళూ నైవేద్యమన్నా పెట్టారా?"

"ఏసీ వేసే ఉంచామమ్మా," అన్నాడు గోవర్ధనం నీరసంగా.

"తుడవడం కాదండీ ఇది, సాగనంపడం. ఇందులో దోషమేమీ లేదు. బొట్టు పెట్టిన చేత్తోనే చెయ్యాలి." కమిషనర్ గారి చేతిలో అక్షతలు పోసింది. ఆయన బూట్లు విప్పి నిలబడ్డారు. గాజుపెట్టె తీయించింది. 'వెళ్ళి మళ్ళీ రావమ్మా' అని ఆయన చేత అనిపించి, యంత్రాన్ని ఉత్తరం వైపు కొంచెం జరిపించింది. తర్వాత తడిగుడ్డ ఇచ్చింది. ఆయన ముందు కుంకుమ, దాని కింద పసుపు, దాని కింద గడ్డకట్టిన గంధం తీశారు. ఆ తీసిన కుంకుమని అలివేలు కళ్ళకద్దుకుని పాపిట్లో పెట్టుకుంది.

జాలీ కనబడింది. లోపలెక్కడో చిన్న పంకా గర్రుమని తిరిగింది. దసరా తర్వాత యంత్రం అప్పుడే మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. ఏడు పోయింది. తొంభై అయింది. రెండొందలు, మూడొందల యాభై. నాలుగు వందల ఎనభై దగ్గర ఆగి, అక్కడే నిలబడింది.

గోవర్ధనం అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాడు.

"సార్, దసరా నుంచి ఇక్కడ కాలుష్యం నమోదై లేదు. మీరు బొట్టు తీసిన తర్వాతే నమోదైంది. మన శాశ్వత నిబంధన ప్రకారం..." అని కాస్త నసిగాడు. "నోటీసు ఎవరి పేరు మీద రాయమంటారు సార్?"

కమిషనర్ గారు అతని వైపు తిరిగారు. నోరు తెరిచారు. దగ్గొచ్చింది. దగ్గు ఆగాక ఆయన నోట్లోంచి ఊళ్ళో ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని మాట వచ్చింది.

"ముందు ఆ మంట ఆర్పించవయ్యా! ఇకమీదట దాన్ని తగలబెడితే ఒప్పుకోను!"

"అలా అని నిబంధన ఏదీ లేదు సార్," అన్నాడు గోవర్ధనం.

"ఇప్పుడుంది!"

మర్నాడు పొద్దున్న వేదాద్రి దేవుడి గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐదొందలు, ఏడొందలు, తొమ్మిదొందలు. ఒక్కో నామం దాటుతుంటే అతను కూడా ఊపిరి బిగపట్టాడు. వెయ్యో నామం పూర్తయింది. హారతి వెలిగింది. ఆ తర్వాత పొయ్యి వెలిగింది. చాలాకాలానికి వేదాద్రి వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని, పిన్ని వడియాలు నంజుకుంటూ, వాయువుల పాఠానికి కడుపునిండా తయారయ్యాడు.

గేటుకి ఎర్రబోర్డు మాత్రం ఇంకా అలాగే ఉంది. తీయించమని అతను రెండుసార్లు ఆఫీసుకెళ్ళాడు. బోర్డు పెట్టడానికి నిబంధన ఉందట గానీ, ఉద్వాసన చెప్పడానికి లేదట. అందుకని అలివేలు శుక్రవారం గడపకి పసుపు రాసేటప్పుడు, ఆ చేత్తోనే దానికి కూడా ఒక బొట్టు పెడుతోంది.